పొయ్యి ఘనమైన రోజు

ఆ రోజు మా సత్రంలో ఉన్నది అవ్వ, గోపన్న మామయ్య, ముందరి సాయంత్రం వచ్చి దిగిన గాజులాయన, నేను. దొడ్లో ఒక కుంటిగుర్రం కూడా ఉంది. ఏ సైన్యమో వదిలేసి పోతే మామయ్య తోలుకొచ్చి కట్టేశాడు. ఉండవలసిన మనిషి ఇంకొకడు లేడు. మా అన్న కేదారి. పోయిన కోతల కాలం నుంచి అన్న పడుకునే చాప చుట్టి మూలన నిలబెట్టే ఉంది.

మా సత్రం శంఖుకనుమ మీద ఉంది. కనుమకు తూర్పున మంజులాపురి రాజ్యం, పడమట కాలకేతన రాజ్యం. ఈ రెండింటి మధ్య యుద్ధం మా తాతకు మీసం మొలవక ముందు మొదలైంది. మంజులాపురి వాళ్ళు దేవుడి దీపంలో రెండు వత్తులు కలిపి వెలిగిస్తారు. కాలకేతనం వాళ్ళు ఒకటే వత్తి వేస్తారు. దేవుడొక్కడే అయినప్పుడు రెండో వత్తి ఎవరికని వీళ్ళడిగారు. ఒంటివత్తి శవం తలదగ్గర పెట్టేదని వాళ్ళన్నారు. మాటా మాటా పెరిగి, ఒకనాడు మంజులాపురి రాయబారులను కాలకేతనం కోట కిటికీలోంచి కిందికి తోసేశారట. అప్పటినుంచి ఊళ్ళు కాలుతూనే ఉన్నాయి. పేరుకు వత్తుల యుద్ధమే కానీ, ఇప్పుడు జంటవత్తి సామంతులు కొందరు కాలకేతనం వైపు పోరాడుతున్నారు, ఒంటివత్తి దొరలు కొందరు మంజులాపురి జీతం తింటున్నారు. దేవుడు వత్తుల వైపు చూస్తున్నాడో లేదో గానీ రాజులంతా మన కనుమ వైపే చూస్తున్నారని మామయ్య అంటాడు.

మేం ఏ సైన్యం వస్తే ఆ సైన్యం మతం. గుర్రపు డెక్కల చప్పుడు తూర్పునుంచి వినిపిస్తే అవ్వ గూట్లోని ప్రమిదలో రెండో వత్తి వేసేది. పడమటి నుంచి వినిపిస్తే చిటికెలో లాగి కొప్పులో దాచుకునేది. కష్టమంతా మాట దగ్గరే. దేవుడి దీపం ఆరిపోయిందని ఎవరూ అనకూడదు, అశుభం. జంటవత్తి వాళ్ళు దీపం కొండెక్కిందంటారు. ఒంటివత్తి వాళ్ళు ఘనమైందంటారు. ఒకరి మాట ఇంకొకరి సైనికుల ముందు నోరుజారిన ఇల్లు కనుమ మీద ఒక్కటీ మిగల్లేదు. అందుకని ఇక్కడి వాళ్ళందరికీ ఒక అలవాటు వచ్చింది. దీపం ఆరితే ఏమీ అనకుండా దగ్గుతారు.

గాజులాయన నిజానికి గాజులాయన కాదు. మంజులాపురి రాజకుమారుడు అరుణధ్వజుడు. ఆయన అవ్వతో చెప్పుకున్నదంతా నేను గాదె వెనక నిలబడి విన్నాను. కొరివి కళ్ళ పాము కాపలా కాసే గుహలోకి దిగి, ఊపిరి బిగబట్టి దాని పడగ నీడలోనే నడిచి, ఒక వజ్రపు అంచు కత్తి తెచ్చి మొలలో దాచుకున్నాడట. కాలకేతనపు మాంత్రికుడు కజ్జలుడి దగ్గరున్న జ్వాలాపంజరాన్ని ఆ కత్తి తప్ప లోకంలో ఏదీ కోయలేదు.

ఆ పంజరం సంగతి మా ఇంటికి బాగా తెలుసు. కజ్జలుడు ఇంట్లోకి వచ్చి, దేవుడి గూట్లో వెలిగే మంటను పట్టకారుతో ఎత్తి, ఇనుప పంజరంలో పెట్టుకుంటాడు. ఆ క్షణం నుంచి ఆ ఇంటి పడుచువాడు మారుమాట లేకుండా అతని వెనక నడుస్తాడు. ఆకలి ఉండదు, భయం ఉండదు, పోయినవాళ్ళు గుర్తుండరు. మా అన్న అన్నం కలుపుతూ కలుపుతూ, చేయి కూడా కడుక్కోకుండా లేచి వెళ్ళిపోయాడు. పంజరం తెగితే అందులోని మంటలన్నీ వాటి ఇళ్ళకు తిరిగి వస్తాయి. అన్న కూడా వస్తాడు. నాకు కావలసింది అదొక్కటే.

కజ్జలుడి కోట కనుమకు పడమట ఉంది. అక్కడిదాకా వెళ్ళాలంటే రాజకుమారుడు ఒంటివత్తి గాజుల వర్తకుడు కావాలి. ఆ ఉదయమంతా అతనికి మా ఇంట్లో పాఠాలు. గాజులు గుచ్చిన మలారం తాడు భుజాన ఎలా వేసుకోవాలో, ఆడవాళ్ళ చేయి పట్టి చూసి ఏ కొలత గాజు పడుతుందో ఎలా చెప్పాలో మామయ్య నేర్పాడు. నా చేయి పట్టి చూడమన్నారు. నేను సిగ్గుతో గాదె వెనక్కి పోయాను. అప్పుడు మామయ్య తన చేయే చాపాడు. రాజకుమారుడు ఆ మణికట్టును చాలాసేపు పరీక్షించి, దీనికి గాజులు చాలవు, ఎద్దుల బండి చక్రపు పట్టా వేయించాలని చెప్పాడు. అవ్వ నవ్వింది. మా ఇంట్లో నవ్వు వినిపించి చాలా కాలమైంది.

మాటల పాఠం అవ్వది.

"ఏం నాయనా, మంట పోతే ఏమనాల?"

"ఘనమైంది."

"ఇంకోసారి అను."

"ఘనమైంది, అవ్వా."

"కొండ అనే మాటే నీ నోట రాకూడదు. ఎదురుగా కొండ మీద మేక ఎక్కుతా ఉన్నా సరే, నువ్వు చూళ్ళేదు."

రాజకుమారుడు బుద్ధిగా తలూపాడు.

ఆ పాటికి మిట్టమధ్యాహ్నమైంది కానీ వెలుగు లేదు. మంజులాపురి పక్షాన చేరిందని పడమటి సైన్యం తగలబెట్టిన సువర్ణద్రోణి నగరపు పొగ కొండలు దాటి వచ్చి ఆకాశమంతా పరుచుకుంది. సూర్యుడు మట్టిలో పడిన రాగి చెంబులా మసకగా కనిపించాడు. ఆరబోసిన జొన్నల మీద, గుర్రం వీపు మీద, చూరు మీద బూడిద సన్నగా రాలుతోంది. సువర్ణద్రోణిలో పట్టుబట్టల బజారు ఉండేదట. ఆ బూడిదలో అక్కడక్కడ జరీ పోగులు మెరిశాయి. కాకులు దిగితే మళ్ళీ ఎగరలేనంత బలిసి, దడి మీద కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి.

కొమ్ముబూరల మోత పడమటి నుంచి వచ్చింది. అవ్వ వత్తి లాగి కొప్పులో పెట్టుకుంది.

పొగలోంచి ముందుగా నల్లపట్టు జెండాలు, పడగ విప్పిన పాముల్లా ఊగుతూ బయటపడ్డాయి. ప్రతి జెండా మీదా వెండి దారంతో కుట్టిన ఒకే ఒక్క వత్తి. వాటి వెనక దున్నపోతుల కొమ్ములు బిగించిన టోపీలు, నెత్తుటి తుప్పు పట్టిన బల్లేలు, చర్మం కాలిన వాసన. ఆ వెనక మంచిగంధపు చెక్కతో చేసిన పల్లకి. దాని నాలుగు మూలలా మకరాల నోళ్ళలోంచి గుగ్గిలం పొగ వస్తోంది. పల్లకి పక్కన ఒకడు నెత్తిన ఇనుప పంజరం మోసుకుని నడుస్తున్నాడు. పంజరం నిండా తేనెపట్టు గదుల్లాంటి గూళ్ళు. గూటికొక మంట. కొన్ని పసుపు, కొన్ని నీలం, కొన్ని ఎండుమిరప ఎరుపు. గాలి అంత విసురుగా కొడుతున్నా ఒక్క మంటా రెపరెపలాడలేదు.

మోస్తున్నది మా అన్న.

సైనికులు చెప్పులు వాకిట్లో విడిచారు. దేవుడి దీపం ఉన్న ఇంట్లోకి చెప్పులతో రావడం ఒంటివత్తి వాళ్ళకు మహాపాపం. సువర్ణద్రోణిలో కూడా ప్రతి ఇంటి ముందూ చెప్పులు విడిచే లోపలికి వెళ్ళి ఉంటారు. అన్న వాళ్ళ వెనకే వచ్చాడు. మా వాకిలి పైకమ్మి అతని నుదుటికి ఠక్కున తగిలింది. బుద్ధెరిగినప్పటి నుంచి అన్న ఆ గుమ్మంలో తల వంచకుండా వచ్చింది లేదు. నుదురు చిట్లి రక్తం వచ్చినా తుడుచుకోలేదు. రెప్పల మీద బూడిద పేరుకుని ఉంది. నా ముందునుంచే నడిచి వెళ్ళి పంజరాన్ని అరుగు మీద దించాడు. అవ్వ వాడి వైపు చూడకుండా స్తంభాన్ని పట్టుకుని నిలబడింది.

పల్లకి దిగి వచ్చిన కజ్జలుడు చూడటానికి భయంకరంగా లేడు. పొట్టిగా, బొద్దుగా, అప్పుడే స్నానం చేసి వచ్చినవాడిలా ఉన్నాడు. చేతివేళ్ళ కొసలు మాత్రం మసితో నల్లబడి ఉన్నాయి. అరుగు మీద కూర్చుని, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. మామయ్య చెప్పాడు. గాజులాయన గురించి అడిగితే, కాలకేతనం వాడేనని, తమలాగే ఒంటివత్తి భక్తుడని చెప్పాడు. కజ్జలుడు సంతోషించాడు. లేచి గూటి దగ్గరికి వెళ్ళి, కొంచెం వంగి, దీపాన్ని ఉఫ్ మని ఊదేశాడు.

అవ్వ, మామయ్య, నేను దగ్గాం.

"పొగ గొంతులో పడినట్టుంది," అని అతను గాజులాయన వైపు తిరిగాడు. "ఇప్పుడేమైంది నాయనా?"

"దీపం ఘనమైంది స్వామీ."

కజ్జలుడు తలూపాడు. మామయ్య భుజాలు కిందికి దిగాయి. వెళ్ళిపోతాడనుకున్నాం. కానీ అతను మళ్ళీ వచ్చి కూర్చుని, దూరం నడిచి వచ్చాం, తాగడానికి ఇంత వేడిగంజి దొరుకుతుందా అని అవ్వను అడిగాడు. అవ్వ వంటింటి వైపు కదలబోతే ఒక సైనికుడు బల్లెం అడ్డం పెట్టాడు. గాజులాయన వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పొయ్యిలో నిప్పుందేమో చూడమని కజ్జలుడు అతనికి చెప్పాడు. అతను మెడ చాచి లోపలికి చూశాడు.

"లేదు స్వామీ. పొయ్యి ఘనమైంది."

 బల్లెం పట్టుకున్న సైనికుడు పకపకా నవ్వాడు. మా అమ్మకు చెప్పాలి, ఇకనుంచి రోజూ పొయ్యికి హారతిస్తుంది అన్నాడు. మామయ్య అందరికంటే గట్టిగా నవ్వి, గాజులోడు కదా, ఆడోళ్ళ ముందు అన్నీ పెద్దవి చేసి చెప్పడం వాడికలవాటే అన్నాడు. సైనికులు ఇంకా నవ్వారు. అవ్వ నవ్వలేదు. తను నేర్పింది దీపం మాటని, పొయ్యి మామూలుగానే ఆరిపోతుందని చెప్పడం మరిచిపోయానని ఆమెకు అప్పుడు తెలిసింది. మామూలు ఇంట్లో పుట్టిన వాడెవడికీ అది నేర్పనక్కర్లేదు.

కజ్జలుడు కూడా నవ్వలేదు.

"పొయ్యి ఆరిపోతుంది నాయనా. మీ అమ్మగారు చెప్పలేదా?" అన్నాడు చాలా మెత్తగా. "ఎలా చెబుతుందిలే. మహారాణులకు పొయ్యి ఎటువైపు ఉంటుందో తెలీదు."

ఆ మాట పూర్తయ్యేలోగా రాజకుమారుడు మలారం తాడు తెంపి గాజులన్నీ నేల మీద కుమ్మరించాడు. ఎర్రవి, పచ్చవి, బంగారు చుక్కలవి, ఇల్లంతా గలగలమని దొర్లాయి. చెప్పులు విడిచి వచ్చిన సైనికులు వాటి మీద కాళ్ళు వేశారు. గాజులు పటపటా విరిగి అరికాళ్ళలో దిగాయి. ఒకడు జారి ఇంకొకడి బల్లెం మీద పడ్డాడు. పంజరం ముందు మాత్రం బల్లేలు అడ్డం ఉండడంతో, ఆ గందరగోళంలో రాజకుమారుడు వంటింటి గుండా దొడ్లోకి దూకాడు. గాదె పక్క తలుపులోంచి నేను అతనికంటే ముందే అక్కడికి చేరాను. దొడ్డి మూలన మా ధాన్యపు పాతర ఉంది. యుద్ధం మొదలైనప్పటినుంచి అందులో ధాన్యం నిండింది లేదు. నా బలమంతా పెట్టి బండ జరిపాను. అతను అందులోకి దిగుతూ నా పేరేమిటని అడిగాడు.  బండ మూసి, దాని మీద పిడకలు కుప్ప పోశాను.

దడి అవతల గుర్రపు దండు అప్పటికే ఇంటిని చుట్టేసింది. సైనికులు గడ్డివామిని బల్లేలతో పొడిచారు. చూరు కప్పు పీకారు. కుంటిగుర్రాన్ని కూడా, ఎందుకో, పొడిచేశారు. అది పడిపోయాక చాలాసేపు కాళ్ళు కొట్టుకుంది. అవ్వను, మామయ్యను వసారా స్తంభాలకు కట్టేశారు. మామయ్య పెదవి పగిలింది. ఎంత కొట్టినా మామయ్య ఒకటే చెప్పాడు, గాజులోడు మా చుట్టమేమన్నా అవుతాడా, వాడు ఎటు పోయాడో నాకెలా తెలుస్తుందని.

కజ్జలుడు కొరడా ఎత్తినవాణ్ణి ఆపాడు. నన్ను దగ్గరికి పిలిచి, ఎదురుగా పీట వేయించి కూర్చోబెట్టాడు.

"పాపకు మాటలు రావా?" అని అవ్వనడిగాడు.  అతను నా వైపే చూస్తూ, "మాట్లాడని పిల్లలే అన్నీ చూస్తారు," అన్నాడు.

పంజరంలో ఒక గూటి తలుపు గోటితో మీటి తెరిచాడు. అందులో పసుపుపచ్చని చిన్న మంట నిటారుగా నిలబడి ఉంది. అది ఎవరిదో నాకు చెప్పనవసరం లేదన్నాడు. మా గూడు చూడగానే తనకూ గుర్తొచ్చిందన్నాడు. అన్న అతని వెనకే నిలబడి నా తలమీదుగా గోడను చూస్తున్నాడు.

"ఆ రాజు కొడుకు రేపు సింహాసనం మీద కూర్చుంటే నీ మొహం కూడా గుర్తుపట్టడు పాపా. వీడు నీ తోడబుట్టినవాడు. వాడు ఎక్కడ దాక్కున్నాడో చెప్పు. ఈ మంటను మీ ప్రమిదలో పెట్టేసి వెళ్ళిపోతాను."

పాతరలో ఉన్న మనిషిని ఇస్తే అన్న వస్తాడు. పంజరంలో మిగిలిన వాళ్ళెవరూ ఇక రారు. ఇవ్వకపోతే అన్నా రాడు. ఆలోచించడానికి వ్యవధి లేదు. కొరడా పట్టుకున్నవాడు మళ్ళీ అవ్వ వైపు నడుస్తున్నాడు.

"ముందు వెలిగించండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మామయ్య తలెత్తి చూశాడు.

"వెలిగించాక చెప్పకపోతే?"

"మళ్ళీ తీసుకుపోండి. మీకు తెలిసిన పనేగా."

కజ్జలుడికి ఆ జవాబు నచ్చింది. నవ్వుతూ లేచి, పట్టకారుతో మంటను ఎత్తి, గూట్లోని ప్రమిద దగ్గరికి తీసుకెళ్ళాడు. వత్తికి తాకీ తాకగానే మంట దానిలోకి దూకింది. ఇంట్లో వెలుగు మారింది. అన్న రెప్పలు కదిలి బూడిద రాలింది. మొదట తన కుడిచేతిని చూసుకున్నాడు. అన్నం మెతుకులు ఇంకా అంటుకుని ఉన్నట్టు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు కజ్జలుడు.

పడమటి లోయలోకి దిగాడని చెప్పాను. బూరుగు చెట్ల వెనక మేకల బాట ఉందని, అక్కడ ఏటి ఒడ్డున గుహ ఉందని, నేనే దారి చూపించానని చెప్పాను. పుట్టిన తర్వాత అన్ని మాటలు ఒక్కసారి నేనెప్పుడూ మాట్లాడలేదు. కజ్జలుడు చేయి ఊపాడు. గుర్రాల దండు, అరికాళ్ళు తెగని సైనికులు కేకలు వేసుకుంటూ లోయ వైపు దిగిపోయారు. అరికాళ్ళు తెగినవాళ్ళు దడి అవతల పల్లకి దగ్గర కూలబడ్డారు. అరుపులు పొగలో దూరమయ్యాయి. వసారాలో కజ్జలుడు, స్తంభాలకు అవ్వ, మామయ్య, గూటి దగ్గర అన్న, నేను మిగిలాం.

కజ్జలుడు మాత్రం లోయ వైపు చూడలేదు. ప్రమిదను చూస్తున్నాడు.

"ఇన్ని నెలలు నా దగ్గర పెరిగిన మంట ఇది," అన్నాడు. "నేనడిగితే నాకు అబద్ధం చెప్పదు." దాని మీదికి వంగి, ఏదో అర్థంకాని మాట ఊదాడు. గాలి లేదు. అయినా మంట మెల్లగా ఒరిగింది. లోయ వైపు కాదు, దొడ్డి వైపు. పిడకల కుప్ప ఉన్న మూలకు వేలు చూపించినట్టు ఒరిగి, అలాగే ఆగిపోయింది.

అతను మొలలోంచి ఎముక ఈల తీసి ఊదాడు. చెవులు చీల్చేంత సన్నని మోత. లోయలోంచి కొమ్ముబూర జవాబిచ్చింది. గుర్రాలు వెనక్కి తిరిగాయి. అతను తొందరపడకుండా పట్టకారు అందుకుని ప్రమిద వైపు చాపాడు.

అన్న ఆ మణికట్టు పట్టుకున్నాడు.

కజ్జలుడు విడిపించుకోవాలని చూడలేదు. "ఆ ప్రమిదలో మంట ఉన్నంతసేపే నువ్వు నువ్వురా," అన్నాడు. "చమురు ఎంతుందో చూసుకున్నావా?"

అన్న అతణ్ణి ఒక్క తోపు తోశాడు. కజ్జలుడు అరుగు మీద నుంచి గుమ్మం దాటి వాకిట్లోకి, విడిచిన చెప్పుల గుట్ట మీదికి దొర్లాడు. అన్న ప్రమిదను గూట్లోంచి తీసి నా అరచేతుల్లో పెట్టాడు. వేడి అంచు చేతికి కాలింది. వదల్లేదు. నన్ను భుజం పట్టి పెరటింటి కొట్టుగదిలోకి నెట్టాడు. ఆ గదికి కిటికీ లేదు, గాలి రాదు. డెక్కల చప్పుడు కనుమ ఎక్కుతోంది.

"రాజకుమారుడు పాతరలో ఉన్నాడు," అన్నాను అతని చెవిలో. "అతని దగ్గర కత్తి ఉంది."

"తెలుసు. నువ్వు బండ జరిపిన చప్పుడు విన్నాను." అన్న గొంతు చాలా రోజులు వాడనిదానిలా గరగరలాడింది. "పంజరంలోంచి అన్నీ వినిపిస్తాయి వకుళా. అందులో అందరం వింటానే ఉంటాం. పలకలేం, అంతే."

అవ్వ నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. వాకిట్లో మళ్ళీ ఎముక ఈల మోగింది. నేను ఒక చేత్తో ప్రమిద పట్టుకుని, రెండో చేత్తో అన్న పంచె చెంగు పట్టుకున్నాను. నువ్వు కూడా లోపలికి రమ్మన్నాను.  అన్న చెంగు మీది నా వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసి, ఆ చేతిని కూడా ప్రమిద చుట్టూ మూసి, వెనక్కి అడుగేసి తలుపు వేసేశాడు. అతని అడుగుల చప్పుడు పాతర వైపు పోయింది.